కనకాంబరం కుండీలో ఎర్ర బిళ్ళలు

పోయినవారం ఉషను మనం పటమటలో, మేడ మీద వాటా గుమ్మంలో నిలబెట్టి వచ్చేశాం. ఏడో నెల మనిషిని వారం పాటు నిలబెట్టడం మర్యాద కాదని నాకూ తెలుసు. కానీ గుమ్మం అవతల ఉన్నది వాళ్ళ పెద్దమ్మ రత్తమ్మ. ఉష రిజిస్టరాఫీసులో పెళ్ళి చేసుకుని, కొల్లేటి మధ్యనున్న గువ్వలంక వదిలి వచ్చినప్పటి నుంచి ఆ పిల్ల గడప తొక్కనని ఒట్టేసుకుని కూర్చున్న మనిషి. ఆ మనిషి ఇప్పుడు బస్సులు మారి, సత్తు క్యానులో బతికున్న కొరమీనుల్ని మోసుకుంటూ మెట్లెక్కి వచ్చి, "లోపలికి రమ్మంటావా, ఇట్టాగే పొమ్మంటావా?" అని అడిగింది.

ఆమె ఎందుకొచ్చిందో కొత్తగా చదివేవాళ్ళకి చెప్పాలి. డాక్టరమ్మ ఉష రక్తం రిపోర్టు చూసి, "ఒంట్లో ఉండాల్సిన దాంట్లో సగమే ఉంది. ఐరన్ బిళ్ళలు వేసుకుంటున్నావా?" అంది. "వేసుకుంటున్నానండీ" అంది ఉష. "నా చేత్తో నేనే ఇస్తున్నానండీ" అన్నారు అత్తగారు మాణిక్యమ్మ. అత్తగారు చెప్పింది అక్షరాలా నిజం. కోడలు చెప్పింది పచ్చి అబద్ధం. రోజూ భోజనమయ్యాక అత్తగారిచ్చిన ఎర్ర బిళ్ళని నోట్లో వేసుకుని, దవడ కింద దాచి, గ్లాసుడు నీళ్ళు గటగటా తాగేసి, తర్వాత బాల్కనీలో కనకాంబరం మొక్కకి నీళ్ళు పోసే వంకతో కుండీలో ఉమ్మేస్తోంది. ఆ కనకాంబరం మాత్రం విరగబూస్తోంది.

డాక్టరమ్మ ఇంకో మాట కూడా అడిగింది. "మీ అమ్మ కాన్పులో పోయారన్నావు. ఏమైంది?" ఉష చిన్నప్పటి నుంచి విన్నదే చెప్పింది. "మా లంకలో ఆడవాళ్ళకి ఆయుష్షు తక్కువండీ." డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసి ఆమె వంక చూసింది. "లంకని బట్టి ఆయుష్షు ఉండదమ్మా. నెత్తురు ఇలాగే ఉంటే మాత్రం, కాన్పునాడు నిన్ను దక్కిస్తానని గానీ బిడ్డని దక్కిస్తానని గానీ నేను మాటివ్వలేను" అంది. ఆ సాయంత్రమే ఉష ఎస్టీడీ బూతుకి వెళ్ళి, లంకలో కొట్టుకి ఫోన్ చేసి, పెద్దమ్మకి కబురు పెట్టింది. అమ్మ ఎలా పోయిందో చెప్పమని. ఫోన్లో చెబుతుందనుకుంటే మనిషే దిగింది.

"రండి వదినగారూ, ఎండన పడి వచ్చారు" అంటూ మాణిక్యమ్మ ఎదురొచ్చారు. పచ్చని మనిషి, ఇస్త్రీ చీర, నెరిసిన జుట్టు ముడి. క్యాను అందుకోవడానికి చెయ్యి చాపారు. రత్తమ్మ ఆ మొహం వంక చూసి క్యాను ఇవ్వకుండా అలాగే ఆగిపోయింది. ఆవిడ రెండోసారి అడిగాకే వదిలింది.

కుర్చీలో కూర్చోమంటే నేల మీద కూర్చుంది. కాఫీ ఇస్తే తాగింది. రత్తమ్మ కాఫీ తాగి, బాగుందనో బాలేదనో ఒక్క మాటా అనకుండా గ్లాసు కింద పెట్టడం ఉష ఎప్పుడూ చూడలేదు. ఇంకా కోపం పోలేదేమో అనుకుంది. మాణిక్యమ్మ పాపం అన్నీ తానే మాట్లాడి, "మీరిద్దరూ కబుర్లు చెప్పుకోండి. డాక్టరుగారు రాసిన టానిక్కు తెచ్చేస్తాను, వచ్చేటప్పుడు పెరుగు కూడా పట్టుకొస్తాను" అని సంచి తీసుకుని మెట్లు దిగారు.

చెప్పుల చప్పుడు వినబడడం మానేదాకా రత్తమ్మ ఊరుకుంది. తర్వాత బల్ల మీద ఉన్న బిళ్ళల వంక చూసింది.

"ఇయి మింగుతున్నావటే?"

ఉష అబద్ధం చెప్పడానికి నోరు తెరిచి, మనసు మార్చుకుంది. తన వాళ్ళ దగ్గర కూడా దాచుకోవడం ఆమెకి విసుగ్గా ఉంది. "లేదు పెద్దమ్మా. పారేస్తున్నాను."

"ఏం?"

"ఏమంటావేంటి, నీకు తెలీదా. ఇవి మింగితే బిడ్డ నల్లగా పుడుతుంది. నేనిలా ఉన్నాను, ఆయన అలా ఉన్నారు. ఇవి కూడా మింగితే ఇంకేమన్నా ఉందా?"

ఇందులో ఉషను తప్పు పట్టడానికి నాకైతే నోరు రాదు. బళ్ళో దాన్ని పేరు పెట్టి పిలిచిన వాళ్ళు తక్కువ. బొగ్గనీ కాకనీ పిలిచిన వాళ్ళే ఎక్కువ. గ్రూప్ ఫోటో తీస్తే చివర నిలబెట్టారు. పెళ్ళై పటమట వచ్చాక కింది వాటా ఆవిడ వీధి నలుగురిలో, "ఆయన రంగూ ఈవిడ రంగూ కలిస్తే, పుట్టేదాన్ని చీకట్లో తడుముకుని వెతుక్కోవాలి" అని నవ్వింది. ఆ రోజు మాణిక్యమ్మ మెట్లు దిగి వెళ్ళి ఆవిడకి నాలుగు చీవాట్లు పెట్టి వచ్చారు. ఆ నాటి నుంచి ఉషకు అత్తగారంటే ప్రాణం. అయితే అదే మాణిక్యమ్మ మధ్యాహ్నం నెత్తురు పట్టాలని బిళ్ళ ఇచ్చి, రాత్రికి బిడ్డ పండులా పుట్టాలని కుంకుమపువ్వు పాలు కలిపి ఇస్తారు. ఉష పాలు తాగేది, బిళ్ళ ఉమ్మేసేది. ఆమెకి కావలసింది ఒక్కటే. పుట్టబోయేదాన్ని ఎవరూ బొగ్గని పిలవకూడదు.

"నల్లగా పుడతారని నీకెవరు చెప్పారు?" అంది రత్తమ్మ.

"ఎవరు చెప్పడమేంటి. మన లంకలో అందరూ అనేవారుగా."

"అందరికీ ఎవరు చెప్పారు?"

ఉష ఆలోచించింది. ఎంత వెనక్కి వెళ్ళినా ఆ మాట అప్పటికే అక్కడ ఉంది. ఎవరి నోట మొదట విన్నదో గుర్తు లేదు. అది గుర్తుంచుకోవలసిన అవసరం వస్తుందని కూడా ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

రత్తమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "నువ్వు పుట్టినప్పుడు మీ నాయనమ్మ నిన్ను ఎత్తుకోలేదే. గుడ్డలో చుట్టి చేతికిస్తే, మొహం చూసి మంచం మీద పెట్టేసింది. మా వంశంలో ఈ రంగు లేదంది. ఆవిడేదో వెన్నెల్లోంచి ఊడిపడినట్టు. మీ అమ్మ అది మర్చిపోలా. మళ్ళా నీళ్ళోసుకున్నప్పుడు ఈ పాలి ఎత్తుకునే బిడ్డని కనాలని దాని పట్టుదల. అప్పట్లో సర్కారు నర్సమ్మ దోనె మీద మన రేవుకి వచ్చేది. కిందకి దిగేది కాదు. చేపల వాసనని ముక్కుకి కొంగడ్డం పెట్టుకుని, దోనెలో నుంచే బిళ్ళల పొట్లాలు మా చేతుల్లో పడేసేది. చెడ్డది కాదు. వానొచ్చినా వచ్చేది, మిగతావాళ్ళు ఎగ్గొట్టినా ఆవిడ ఎగ్గొట్టలా."

"సరే, అయితే?"

"ఓ రోజు కొడుకుని వెంటబెట్టుకొచ్చింది. బళ్ళో వేసే ఈడు పిల్లాడు. ఆవిడేమో పసుపు కొమ్ము. వాడేమో మనలో కలిసిపోయే రంగు. మీ అమ్మ ఉండబట్టలేక, మీ అబ్బాయేనాండీ అంది. నర్సమ్మ నవ్వింది. మావాడే, ఈ బిళ్ళలు ఒక్కటి వదలకుండా మింగాను, ఇదుగో ఇట్టా పుట్టాడు, మీకేంలెండి, మీకు కొత్తగా పోయే రంగేముంది, మింగండి అంది. అందరం నవ్వాం. నేను కూడా నవ్వానే. మీ అమ్మ నవ్వలా. ఆ సందేళ రేవులోకి పోయి పొట్లం వొంపేసింది. తర్వాత ఒకళ్ళని చూసి ఒకళ్ళు. నర్సు చెప్పింది, మింగి చూసిన మనిషి, కొడుకు కళ్ళెదురుగా ఉన్నాడు. ఇంకేం రుజువు కావాలి మాకు?"

రేవు మెట్ల దగ్గర నీళ్ళల్లో తేలుతూ, సగం కరిగి, రంగు వదులుతున్న ఎర్ర బిళ్ళలు ఉషకి గుర్తొచ్చాయి. పిల్లలందరూ వాటిని ఏరుకునేవాళ్ళు. ఉమ్మితో తడిపి గోళ్ళకి రాసుకునేవాళ్ళు, పెదాలకి రుద్దుకునేవాళ్ళు. ఉష గోళ్ళన్నిటికీ రాసుకుని అమ్మ దగ్గరికి పరుగెత్తుకెళ్ళి చూపించేది. అమ్మ ఆ చేతుల్ని కడిగేది. ఎందుకు కడిగేదో ఇప్పుడు తెలిసింది. తను ఆడుకున్నది అమ్మ ప్రాణంతోనని కూడా ఇప్పుడే తెలిసింది.

"తమ్ముడు?" అంది ఉష. ఆ కాన్పులోనే పోయాడని మాత్రం ఆమెకి తెలుసు.

"తెల్లగా పుట్టాడే" అంది రత్తమ్మ. "మీ నాయనమ్మ సంబరపడి ఎత్తుకుంది. తెలుపేం కాదది, ఒంట్లో నెత్తురు లేక పాలిపోయి పుట్టాడు. ఏడవనన్నా ఏడవలా. మీ అమ్మకి నెత్తురు పోతానే ఉంది, ఆగలా. దోనె కట్టేలోపే అది కూడా తెల్లబడిపోయింది."

కింద వీధిలో ఎవరో ఆటో కోసం కేకేశారు. రత్తమ్మే మళ్ళీ అందుకుంది.

"దాని తర్వాత ఎంతమంది పోయారో నువ్వే లెక్కేసుకో. మాణిక్యాల్లాంటి పిల్లలు. కొందరు కాన్పులో, కొందరు ఆ కాన్పుల నీరసంతో తర్వాత్తర్వాత. మన లంకలో ముసలి మగాళ్ళున్నారు గానీ ముసలమ్మలు ఎక్కడున్నారే? నేనున్నానంటే, నాకు పిల్లలు పుట్టలా కాబట్టి ఉన్నా. గొడ్రాలని అన్నోళ్ళందరూ పోయారు, నేనుండిపోయా."

పటమట వచ్చిన కొత్తలో ఉషకి వింతగా అనిపించింది అదే. సాయంత్రమైతే వీధి అరుగుల మీద ఎంతమంది తెల్లజుట్టు ఆడవాళ్ళో. ఇంతమంది ముసలమ్మలు ఒక్క వీధిలో ఎందుకున్నారని మొగుడు సూర్యప్రకాష్‌ని అడిగితే అతను నవ్వాడు. లంకలో లేరేమిటని అప్పుడామెకి తోచలేదు. లేనిదాన్ని చూస్తూ పెరిగితే అదే మామూలైపోతుంది.

"ఆ నర్సమ్మ ఎవరు పెద్దమ్మా? ఇప్పుడెక్కడుందో తెలుసా?"

రత్తమ్మ ఖాళీ గ్లాసు వంక చూసింది. "ఇందాక నాకు కాఫీ ఇచ్చింది."

ఉషకి ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది గానీ, ఏం చేయాలో తెలియలేదు. అత్తగారు సర్కారు నర్సుగా రిటైరయ్యారని తెలుసు. ఎక్కడెక్కడ చేశారో అడగలేదు. అప్పుడు దోనెలో కూర్చున్న ఆ నల్లటి పిల్లాడు తన మొగుడు. అమ్మ చూసి భయపడింది అతన్ని. తను చూసి ఇష్టపడింది అతన్నే.

"నన్ను గుర్తుపట్టలా" అంది రత్తమ్మ. "ఎట్టా పడుద్ది. రేవులో నిలబడితే అందరం ఒక్కలాగే ఉంటాంగా వాళ్ళకి."

ఉష లేచి బాల్కనీలోకి వెళ్ళింది, మళ్ళీ వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలి? వేళాకోళమాడిన అత్తగారి మీదా? ఆ అత్తగారే తన కోసం వీధిలో పోట్లాడి వచ్చారు. ఎత్తుకోని నాయనమ్మ మీదా? ఆవిడ పోయి చాలా కాలమైంది. అసలు తను కాస్త తెల్లగా పుట్టి ఉంటే అమ్మకి ఆ పట్టుదలే ఉండేది కాదు కదా. ఇక్కడిదాకా వచ్చేసరికి ఉషకి తన మీదే కోపం వచ్చింది. పుట్టడం తన చేతిలో పని అయినట్టు.

అన్నిటికన్నా చిక్కు ఇంకోటి ఉంది. అది వేళాకోళమే అనుకుందాం. మరి సూర్యప్రకాష్ నలుపు నిజమే కదా. వాళ్ళమ్మ పసిమి నిజమే. ఆవిడ బిళ్ళలు మింగిందీ నిజమే. అబద్ధమని కొట్టిపారేద్దామంటే రుజువు ఈ ఇంట్లోనే అన్నం తిని ఆఫీసుకి వెళ్ళివస్తోంది. మామగారి పోలికేమో అని గోడ మీద ఫోటో వంక చూసింది. నలుపు తెలుపు ఫోటో. దాన్లో రంగేం తెలుస్తుంది?

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. మాణిక్యమ్మ చెమటలు కక్కుతూ వచ్చి, టానిక్కు సీసా బల్ల మీద పెట్టి, పెరుగు గిన్నెలోకి వొంపి, చేతులు కడుక్కున్నారు. ఎండన పడి వచ్చినా పని మరిచిపోలేదు. రేకులోంచి బిళ్ళ తీసి, నీళ్ళ గ్లాసుతో సహా ఉష ముందు పెట్టారు. "ఏదమ్మా, మాటల్లో పడి ఇది మరిచిపోయినట్టున్నావు."

ఉష చెయ్యి అలవాటుగా అందుకుంది. నోరు అలవాటుగా తెరుచుకుంది. బిళ్ళ అలవాటుగా దవడ కిందికి వెళ్ళి కూర్చుంది.

"నర్సమ్మగారూ" అని పిలిచింది రత్తమ్మ.

మాణిక్యమ్మ గిరుక్కున తిరిగారు. వదినగారు కాస్తా నర్సమ్మగారు కావడం ఆవిడ చెవికి తగిలింది.

"గువ్వలంక రేవు గుర్తుందాండీ?"

"గువ్వలంకా? ఆ రోజుల్లో ఎన్ని లంకలు తిరిగానో వదినగారూ. వెళ్ళే ఉంటాను."

"మీ అబ్బాయిని కూడా ఓసారి తెచ్చారండీ. ఈ బిళ్ళలు మింగే ఇట్టా పుట్టాడన్నారు. మీకు కొత్తగా పోయే రంగేముంది, మింగండి అన్నారు."

మాణిక్యమ్మ జ్ఞాపకాల్లో చాలాసేపు వెతుక్కున్నారు. ఆవిడ దొంగవేషం వెయ్యడం లేదు, నిజంగానే వెతుక్కున్నారు. "ఏమో, గుర్తులేదండీ. అన్నా సరదాకి అని ఉంటాను."

"సరదాకేనండీ. మేం కూడా నవ్వాం. ఈ పిల్ల తల్లి నవ్వలా. బిళ్ళలన్నీ నీళ్ళపాలు చేసింది. కాన్పులో పోయింది."

"మింగమనే చెప్పాను కదండీ నేను" అన్నారు మాణిక్యమ్మ. గొంతు తగ్గిపోయింది. "వానల్లో, దోనెల మీద పడి వచ్చి, మింగమనే చెప్పేదాన్ని."

"చెప్పారండీ. రెండూ మీరే చెప్పారు. మేం ఒకటి పట్టుకున్నాం."

రత్తమ్మ ఈ మాట అరిచి అని ఉంటే మాణిక్యమ్మ కూడా అరిచేవారేమో. మెల్లగా అనేసరికి ఆవిడకి పట్టుకోవడానికి ఏమీ దొరకలేదు. కోడలి వైపు తిరిగారు. "నువ్వైనా మింగుతున్నావు కదమ్మా?"

ఉష నోట్లో వేలు పెట్టి, దవడ కింది బిళ్ళ తీసి అరచేతిలో పెట్టుకుని చూపించింది. ఎర్ర పూత కరిగి అరచేయంతా అయింది. "మిగతావన్నీ కనకాంబరం కుండీలో ఉన్నాయి అత్తయ్యా."

మాణిక్యమ్మ బాల్కనీ వైపు చూశారు, మళ్ళీ ఆ అరచేతి వైపు చూశారు. "రోజూ నా చేత్తో ఇచ్చాను కదే" అన్నారు. కోప్పడాలని మొదలుపెట్టిన మాట సగంలోనే నీరుగారిపోయింది.

"నాకేమీ అర్థం కావడం లేదత్తయ్యా" అంది ఉష. ఏడుపొస్తోంది గానీ ఏడవడానికి కూడా తీరిక లేనట్టుంది ఆమెకి. "మీరు మింగారు, ఆయన నల్లగా పుట్టారు. అమ్మ మింగలేదు, పోయింది. డాక్టరుగారు ఒకటి చెబుతారు, మా లంకంతా ఒకటి చెబుతుంది, మీరు పగలు ఒకటిస్తారు, రాత్రి ఒకటిస్తారు. నాకొక్క మాట చెప్పండి. నర్సుగా కాదు. ఆయన పుట్టాక మీకు మళ్ళీ కడుపొచ్చి ఉంటే, మీరు ఈ బిళ్ళలు మింగేవారా?"

ఫ్యాను తిరుగుతోంది. వంటింట్లో క్యానులో కొరమీను ఒకటి తోకతో కొట్టుకుంది. మాణిక్యమ్మ కుర్చీ వెతుక్కుని, అది దూరంగా ఉండడంతో, రత్తమ్మ పక్కన నేల మీదే కూర్చున్నారు.

"వాడు పుట్టినప్పుడు మా అత్తగారు ఉయ్యాలలో వెయ్యనివ్వలేదు" అన్నారు. "నర్సుద్యోగమని ఊళ్ళు తిరిగి, ఏవేవో మందులు మింగి వంశాన్ని మసి చేశావంది. బిళ్ళలకీ రంగుకీ సంబంధం లేదని పుస్తకంలో చదువుకున్న దాన్ని నేను. లంకలన్నిటికీ పంచిన దాన్ని. పంచుతూనే ఉన్నాను. కానీ..." ఆగారు. "సూర్యానికి మింగాను. దానికి మింగలేదు."

ఉష, రత్తమ్మ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. సూర్యప్రకాష్ ఒక్కడే కొడుకు. చిన్నప్పుడు అతన్ని ఎందుకో కొంతకాలం ఉయ్యూరులో అమ్మమ్మ దగ్గర ఉంచారు. నల్లగా ఉన్నానని దూరంగా పెట్టుంటారులే అని అతను ఉష దగ్గర ఎప్పుడూ నవ్వులాటకి అంటూ ఉంటాడు. ఆ నవ్వులో ఎంత నవ్వుందో ఉషకి తెలుసు. ఈ ఇంట్లో ఇంకో బిడ్డ ఊసు మాత్రం ఏనాడూ ఎవరూ ఎత్తలేదు.

ఉష అరచేతిలో సగం కరిగిన బిళ్ళ వంక చూసింది. నోట్లో వేసుకుంది. నీళ్ళు తాగింది. ఈసారి అది గొంతు దాటి కిందికి దిగుతుండగా మెడంతా తెలిసింది. నమ్మి మింగిందో, భయపడి మింగిందో, అమ్మ మింగని దాన్ని తనైనా మింగాలని మింగిందో ఆమెకే తెలియదు. ఖాళీ నోరు తెరిచి, చిన్నపిల్లలా అత్తగారికి చూపించింది.

మాణిక్యమ్మ ఆ నోటి వంక చూసి కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. ఒకప్పుడు దోనెలో అలాగే పెట్టుకునేవారు.

"ఏమైంది అత్తయ్యా ఆ బిడ్డ?" అంది ఉష.

మాణిక్యమ్మ చూపు ఉషను దాటి గుమ్మం మీద ఆగిపోయింది. అక్కడ సూర్యప్రకాష్ నిలబడి ఉన్నాడు. పెద్దమ్మ వచ్చిందని ఎవరో చెబితే ఆఫీసు నుంచి పెందలాడే వచ్చినట్టున్నాడు, చేతిలో స్వీట్ల పొట్లం ఉంది. ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో తెలియదు. అతను ఉష వంక గానీ రత్తమ్మ వంక గానీ చూడలేదు.

"దానికి అంటే ఎవరికమ్మా?" అన్నాడు.